క్షిపణిశాల, కాలిపరు, నిరాయుధీకరణ

నేను అమీర్‌పేటలో కాపురముంటున్నాను. కళాశాల ఉద్యోగం విరమించిన తరువాత ఇక్కడి శిక్షణ కేంద్రమొకదానిలో పోటీ పరీక్షల విద్యార్థులకు చరిత్ర చెబుతున్నాను. ఈ పేట సంగతి పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. గోడమీద జానెడు చోటు కనిపిస్తే అక్కడొక కోర్సు పేరు వుంటుంది. జిల్లాలనుంచి వచ్చిన పిల్లలు గదికి ఐదారుగురు చొప్పున సర్దుకుని, ఒక పూట టిఫిను మానేసి ఆ డబ్బుతో పుస్తకం కొంటారు. వారికి ఉద్యోగం కావాలి. ఏ ఉద్యోగమని అడగటం కడుపు నిండినవారి ప్రశ్న.

పోయిన చలికాలంలో ఒకనాడు హీరోషిమా పాఠం చెప్పి బయటికి రాగా, నల్లగొండనుంచి వచ్చిన ఇంజనీరింగు పట్టభద్రుడొకడు మెట్లదగ్గర నన్ను నిలిపాడు.

“సార్, క్షిపణుల లాబుల సైంటిస్టు పోస్టుకు ఫారం నింపుదామనుకుంటున్న. మీరు క్లాసుల బాంబు గురించి గంత గట్టిగ చెప్తిరి. నేను పోతె తప్పా?”

నేను నోరు తెరిచేలోగా సంచిలోంచి పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తీశాడు. విప్పితే అందులో చిన్నపిల్లల కాలికి తగిలించే కాలిపరు వుంది. పట్టీలు ఎండి చిట్లిపోయాయి. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు.

“మా మేనత్తది సార్. చిన్నగున్నప్పుడు పంజాగుట్ట దవాఖానల ఇచ్చిన్రంట. అంతకుముందు ఇనుపది వుండె. దాంతోని గడప దాటుడే కష్టమాయె. ఇది తొడుక్కున్నంకనే బడికి పోయింది. ఇప్పుడు మా వూర్ల అంగన్‌వాడి టీచరు. ఇది క్షిపణి సామాను తోటి చేసిందే గద సార్?”

అక్కడికక్కడ నేనేమీ చెప్పలేకపోయాను. మరునాడు చెబుతానని ఇంటికి వచ్చాను. ఆ మరునాడు కొన్ని నెలలు సాగింది. ఈ వ్యాసం అతనికి బాకీపడిన జవాబు.

ముందు అతను చెప్పిన దానిలోని నిజాన్ని ఒప్పుకోవాలి. అమీర్‌పేటనుంచి మెట్రో ఎక్కితే మొదటి స్టేషను పంజాగుట్ట. అక్కడి నిమ్స్ ఆసుపత్రి నిజాం ధర్మనిధితో ఎముకల ఆసుపత్రిగా మొదలైంది. హైదరాబాదు రక్షణ పరిశోధన ప్రయోగశాలకు అబ్దుల్ కలాం 1982 నుంచి 1992 వరకు డైరెక్టరు. నిమ్స్‌లోని ఎముకల వైద్యుడొకరు ఆ ప్రయోగశాలకు వెళ్లినప్పుడు, అగ్ని క్షిపణికోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని చేతితో ఎత్తిచూసి, కలాంను తన ఆసుపత్రికి తీసుకువెళ్లి పోలియో పిల్లలను చూపించాడు. వారి కాళ్లకు మూడేసి కిలోల ఇనుప కాలిపర్లు వేలాడుతున్నాయి. కొద్ది వారాల్లో మూడువందల గ్రాముల కాలిపర్లు వచ్చాయి. కలాం స్వయంగా అనేక సభల్లో చెప్పుకున్న కథ ఇది. తన జీవితంలోని నాలుగు పరమానందాల్లో దీన్ని ఒకటిగా లెక్కించుకున్నాడు. హృద్రోగ నిపుణుడు బి. సోమరాజుతో కలిసి స్టెంటు కూడా తయారుచేశాడు. ఆ పిల్లల సుఖాన్ని ఎవరూ వెక్కిరించలేరు. వెక్కిరించేవాడు మనవాడైతే వాణ్ణి కూర్చోబెట్టి ఆ ఇనుప కాలిపరు ఒక్క పూట తొడగాలి.

అయితే ఈ కథను ఏ పనికి వాడుతున్నారన్నది వేరే విషయం. క్షిపణిశాలను ఎవరైనా ప్రశ్నిస్తే కాలిపరును ముందు పెడతారు. “చూడండి, ఆయుధశాల శాంతికి కూడా పనిచేస్తుంది” అంటారు. ఆయుధశాల శాంతికి, ఇంకా స్పష్టంగా చెప్పాలంటే అణు నిరాయుధీకరణకు, పనిచేయగలదా? మన శిబిరంలో దీనికి అలవాటైన జవాబు ఒకటుంది: తోడేలును మేకలకు కాపలా పెడతారా అని. నేనూ చాలా ఏళ్లు అదే అన్నాను. చరిత్ర కాస్త నిదానంగా చదివితే ఆ జవాబు చాలదని తెలిసింది.

1954 మార్చి 1న అమెరికా బికినీ దీవులవద్ద ఉదజని బాంబు పేల్చింది. ఆ బూడిద జపాను చేపల పడవమీద పడింది. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో మాట్లాడుతూ, నిరాయుధీకరణ ఒప్పందం కుదిరేలోగా కనీసం పరీక్షలనైనా ఎక్కడివక్కడ నిలిపివేయాలని ప్రతిపాదించాడు. ప్రపంచంలో ఒక ప్రభుత్వం ఈ మాట అనటం అదే ప్రథమం. ఆ తరువాత ఆయన చేయించిన పని మనకు ఇక్కడ ముఖ్యం. బాంబు పేలితే నిజంగా ఏమవుతుందో జనానికి అర్థమయ్యేట్లు రాయమని రక్షణశాఖలోని డిఫెన్స్ సైన్స్ సంస్థకు అప్పగించాడు. దాని అధిపతి భౌతికశాస్త్రవేత్త దౌలత్ సింగ్ కొఠారి. భాభా, వైద్యశాస్త్రవేత్త ఖానోల్కర్ మొదలైనవారు తోడ్పడ్డారు. 1956లో నెహ్రూ ముందుమాటతో ఆ పుస్తకం వెలువడింది. పేలుడు గాలి ఎంత దూరంలో ఇళ్లను కూలుస్తుంది, వేడి ఎంతమందిని కాలుస్తుంది, స్ట్రాన్షియం ఎముకల్లోకి ఎట్లా చేరుతుంది, పుట్టబోయేవారికి ఏమవుతుంది – ఇవన్నీ లెక్కలతో చెప్పింది. 1958లో రెండవ కూర్పు వచ్చింది. ఇతర భాషల్లోకి వెళ్లింది.

ఆ పుస్తకం రాసిన సంస్థ ఎవరిదో గమనించండి. అది శాంతి సంఘం కాదు, రక్షణశాఖ ప్రయోగశాల. అమెరికాలో, రష్యాలో రహస్యపు ముద్ర పడిన విషయాలను మన రక్షణ శాస్త్రవేత్తలు బహిరంగంగా దొరికే సమాచారంనుంచి లెక్కకట్టి, చవక ప్రభుత్వ ప్రచురణగా బజారులో పెట్టారు. ఆయుధశాలకు తెలిసినది జనానికి కూడా తెలియాలన్న ఒక్క సూత్రంమీద జరిగిన పని అది. కాని 1958లో ఆ సంస్థను మరికొన్నిటితో కలిపి డీఆర్‌డీఓగా చేశారు. దాని కొమ్మ ఒకటి 1962లో హైదరాబాదుకు వచ్చింది. కాలిపరు చేసిన ప్రయోగశాల అదే. 1989 మే 22న చాందీపూరునుంచి లేచిన అగ్ని కూడా దానిదే. పుస్తకానికీ అగ్నికీ మధ్య ముప్పైమూడేళ్లు.

ఇక రెండవ ఘట్టం. దీనికి మనం మన సరిహద్దు దాటి హిందూపురం అవతలికి వెళ్లాలి. కర్ణాటకలోని గౌరీబిదనూరు. కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంత వినిపించే ప్రాంతం. అక్కడి రాతినేలలో 1965 నుంచి ఇరవై భూకంపలేఖినులు పాతిపెట్టి వున్నాయి. రెండు వరసలు, ఎల్ అక్షరంలాగా. ఒక్కొక్క వరస ఇరవై కిలోమీటర్లకు పైన. మన అణుశక్తి సంస్థ బ్రిటిష్ అణుశక్తి సంస్థతో కలిసి నిర్మించింది. స్కాట్లాండులోని ఎస్క్‌డేల్‌మూర్, కెనడాలోని యెల్లోనైఫ్, ఆస్ట్రేలియాలోని వారముంగా – ఈ మూడూ దాని తోబుట్టువులు. వీటి రూపశిల్పులు ఎవరు? ఆల్డర్‌మాస్టన్. అంటే బ్రిటిష్ అణుబాంబును తయారుచేసిన ప్రయోగశాల. ఏటా ఈస్టరు సెలవుల్లో శాంతి ఉద్యమకారులు ఏ గేటు పేరుమీద నడిచారో ఆ ఆల్డర్‌మాస్టనే.

ఇది ఎట్లా జరిగిందో తెలియాలంటే 1958 జెనీవాకు పోవాలి. పరీక్షలు నిషేధిద్దామంటే “దొంగచాటుగా భూమిలో పేల్చితే ఎట్లా కనిపెడతాం?” అన్న ప్రశ్న ప్రతిసారీ అడ్డువచ్చేది. ఆ ప్రశ్న అడిగినవారిలో చాలామంది నిషేధం రాకూడదని కోరేవారే. కాని ప్రశ్న మాత్రం నిజమైనదే. జూలై 1 నుంచి ఆగస్టు 21 వరకు ఎనిమిది దేశాల నిపుణులు జెనీవాలో కూర్చుని దీన్ని చర్చించారు. బ్రిటన్ పక్షాన ఆల్డర్‌మాస్టన్ అధిపతి విలియం పెన్నీ వచ్చాడు. అమెరికా ప్రతినిధుల్లో లివర్‌మోర్ ఆయుధశాల స్థాపకుడు ఎర్నెస్ట్ లారెన్సు వున్నాడు. జబ్బుతోనే వచ్చాడు. సభ మధ్యలో జబ్బు ముదిరి ఇంటికి తీసుకుపోగా ఆగస్టు 27న చనిపోయాడు. సోవియట్ పక్షాన తామ్, సెమ్యోనవ్ వంటివారు. ప్రపంచమంతటా నూటడెబ్బై వరకు భూమిమీద కేంద్రాలు, పది ఓడలు వుంటే ఐదు కిలోటన్నుల పేలుడునైనా పట్టుకోవచ్చని వారు ఏకాభిప్రాయానికి వచ్చారు. బాంబు చేసినవారు తప్ప మరొకరు ఆ మాట చెప్పగలిగేవారు కారు. భూమిలో పేలుడు ఎట్లా అదురుతుందో వారికే తెలుసు.

సాధారణ పాఠకుడికి ఇది ఎట్లా సాధ్యమన్న సందేహం రావచ్చు. భూకంపంలో భూమి పొర ఒకదానిమీద ఒకటి జారుతుంది. కాబట్టి ఒక దిక్కున వున్న కేంద్రానికి మొదటి కదలిక తోపుగా, ఇంకొక దిక్కున వున్న కేంద్రానికి లాగుడుగా అందుతుంది. బాంబు అట్లా కాదు, అన్ని దిక్కులకూ ఒకేసారి తోస్తుంది. అంతేగాక భూకంపంలో నేలపైన పాకే పెద్ద అలలు ఎక్కువ, పేలుడులో తక్కువ. ఈ తేడా చాలా సన్ననిది. గాలి, సముద్రం, రైలు, ఎడ్లబండి అన్నీ కలిసి చేసే రొదలో అది మునిగిపోతుంది. అందుకనే ఇరవై పరికరాలు. దూరపు అల ఒక పరికరాన్ని తాకిన తరువాత రెండవదాన్ని ఎంతసేపటికి తాకుతుందో లెక్కకట్టి, ఆ వ్యవధిని సవరించి ఇరవై రాతలనూ కలిపితే, స్థానికమైన రొద ఒకదానికొకటి పొసగక చెల్లిపోతుంది, దూరపు అల మాత్రం బలపడుతుంది. జాతరలో ఇరవైమంది ఒకే పేరును ఒక్కసారి పిలిచినట్లు.

జెనీవాలో కుదిరిన ఏకాభిప్రాయం ఏమైంది? మరుసటి సంవత్సరమే అమెరికాలో ఆల్బర్ట్ లాటర్, పెద్ద గుహ తవ్వి అందులో బాంబు పేల్చితే అదురు ఎన్నో రెట్లు తగ్గి కనిపెట్టటం కష్టమవుతుందని సిద్ధాంతం లేవదీశాడు. లివర్‌మోర్‌లోని టెల్లర్ దానిని చేతపట్టి నిషేధాన్ని ఎదిరించాడు. ఉప్పుగనిలో పేల్చి చూసిన 1964, 1966 ప్రయోగాల్లో ఆ సిద్ధాంతంలో నిజం వున్నట్లే తేలింది కూడా. కాని అట్లాంటి గుహ తవ్వటం ఎంత ఖర్చు, ఎంత కష్టం, తవ్విన ఉప్పు ఎక్కడ దాచాలి అన్న ప్రశ్నలు వినిపించనంతగా ఆ సిద్ధాంతం చర్చను ఆక్రమించింది. ఒకే ప్రయోగశాల ఒక చేత్తో తాళం చెవి ఇచ్చి ఇంకొక చేత్తో తలుపు మూసింది. సోవియట్ పక్షాన్ని కూడా చూడాలి, లేకపోతే మనది చరిత్ర కాదు. 1958 చివర మొదలైన స్వచ్ఛంద విరామాన్ని ముగ్గురు పెద్దల్లో మొదట తెంచినది మాస్కోయే, 1961 సెప్టెంబరు 1న. తనిఖీల సంఖ్య దగ్గర అమెరికా ఏడు అంటే సోవియట్ యూనియన్ మూడు అంది. ఆ నాలుగు తనిఖీల తేడాతో 1963 మాస్కో ఒప్పందం భూగర్భ పరీక్షలను వదిలేసింది. ఆకాశం, సముద్రం, అంతరిక్షం నిషేధం, భూమి కడుపు మాత్రం అనుమతి. ప్రయోగశాలలు మరో ముప్పై ఏళ్లు ఆ అనుమతిమీద బతికాయి.

గౌరీబిదనూరు మాత్రం వింటూనే వుంది. అయితే 1996లో సమగ్ర పరీక్షా నిషేధ ఒప్పందం తయారైనప్పుడు భారత ప్రభుత్వం సంతకం పెట్టలేదు. అగ్రరాజ్యాలు తమ ఆయుధాలను ఎప్పటికి రద్దుచేస్తాయో గడువు చెప్పలేదన్నది మన అభ్యంతరం. అభ్యంతరం న్యాయమైనదే. రెండేళ్లకు పోఖరాన్‌లో మనం చేసిన పనికి ఆ న్యాయం ఎంతవరకు సరిపోయిందో పాఠకులే ఆలోచించాలి. ఫలితంగా నిషేధంకోసం కట్టిన ఆ చెవి నేడు అంతర్జాతీయ పర్యవేక్షణ వలలో లేదు. దాని యజమాని 1998లో బాంబు తయారుచేసిన ట్రాంబే సంస్థ.

మూడవ ఘట్టం హైదరాబాదువారికి మరీ దగ్గరిది, ఎందుకంటే అది క్షిపణుల గురించినది. 1987లో గోర్బచేవ్, రీగన్ సంతకం చేసిన ఒప్పందం కింద మధ్యశ్రేణి క్షిపణులు రెండువైపులా కలిపి 2,692 ధ్వంసమయ్యాయి. సోవియట్ వాటా 1,846, అమెరికా వాటా 846. కాల్చారు, కోశారు, నలగ్గొట్టారు. మాట మీద నమ్మకంతో కాదు, కళ్లతో చూసి. ఉరల్ పర్వతాలకు పడమర వోట్‌కిన్‌స్క్ అన్న పట్టణం వుంది. సంగీతకారుడు చైకోవ్‌స్కీ పుట్టిన వూరు. అక్కడి క్షిపణి కర్మాగారం గేటుముందు అమెరికా తనిఖీదారులు 1988 నుంచి పదమూడేళ్లపాటు కాపురం పెట్టి, బయటికి వచ్చే ప్రతి వ్యాగన్‌నూ కొలిచి పంపారు. అమెరికాలో సోవియట్ తనిఖీదారులు యూటాలోని మాగ్నా గేటుముందు అదే పని చేశారు. వోట్‌కిన్‌స్క్ గేటుకు కావలసిన పరికరాల ఏర్పాటును తయారుచేసినది అమెరికా ఆయుధశాల సాండియా. ఆ కర్మాగారం బట్టలుతికే యంత్రాలు కూడా చేసేదని ఇక్కడ చెప్పటం అప్రస్తుతం కాదు. అవి చేసినన్నాళ్లూ క్షిపణులూ చేసింది. క్షిపణులు తగ్గింది తనిఖీదారుడు గేటుముందు నిలబడ్డ రోజున. 2019లో అమెరికా ఆ ఒప్పందంనుంచి తప్పుకుంది, దానితో అది ముగిసింది. కాని అది నడిచినన్నాళ్లూ ఆయుధశాల నిరాయుధీకరణకు ఏ విధంగా పనికివస్తుందో చూపించింది.

మన కంచన్‌బాగ్‌ను ఒక్కసారి ఆ కళ్లతో చూడండి. రక్షణ పరిశోధన ప్రయోగశాల, లోహ పరిశోధనశాల, 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్ అన్నీ అక్కడే. గేటుముందు పరాయి దేశపు తనిఖీదారుడు, ఇస్లామాబాదు గేటుముందు మనవాడు! నవ్వు వస్తుంది కదూ. 1980లో వోట్‌కిన్‌స్క్ కార్మికుడికి చెప్పినా ఇంతే నవ్వేవాడు. పైగా హైదరాబాదుకు తనిఖీ కొత్తకాదు. 2008 అణు ఒప్పందం తరువాత ఇక్కడి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులోని కొన్ని విభాగాలు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీ కిందికి వచ్చాయి. ఒకే ప్రాకారంలో కొన్ని గదులకు ఆ సంస్థ మనుషులు వచ్చి లెక్క చూస్తారు, పక్క గదులకు రారు. ఏ గది ఏ వైపు అన్నది రాజకీయ నిర్ణయం. గోడలకు, యంత్రాలకు, లోపలి శాస్త్రవేత్తలకు ఆ తేడా తెలియదు.

రహస్యం సంగతి ఇంతకంటె గట్టిగా చెప్పవలసి వుంది. మన అణుశక్తి కార్యక్రమం దశాబ్దాలపాటు 1962 చట్టం చాటున నడిచింది. 1998 మే 11న పేల్చిన ఉదజని బాంబు అనుకున్నంతగా పనిచేసిందని ట్రాంబే అంది. ఆ పరీక్షల్లో డీఆర్‌డీఓ తరఫున బాధ్యత వహించిన కె. సంతానం 2009లో అది విఫలమైందని బహిరంగంగా అన్నాడు. బాంబు చేసినవారే ఒకరినొకరు ఖండించుకుంటుంటే, పన్ను కట్టిన మనం ఎవరి మాట నమ్మాలి? 1956లో కొఠారి పుస్తకం బజారులో దొరికేది. ఈ తగవులోని లెక్కలను సామాన్యుడెవరూ సరిచూసే వీలు లేదు. నిరాయుధీకరణకు ఆయుధశాల ఇవ్వగలిగినది జ్ఞానం. తాళం వేసిన జ్ఞానంతో ఏ ఒప్పందమూ నడవదు.

ఇప్పుడు కాలిపరు దగ్గరికి తిరిగి వస్తాను. 1976 జనవరిలో బ్రిటన్‌లోని లూకాస్ ఏరోస్పేస్ కార్మిక ప్రతినిధులు ఒక ప్రణాళిక ప్రకటించారు. ఆ కంపెనీ పనిలో సగం వరకు యుద్ధవిమానాలకు సంబంధించినది. ఉద్యోగాలు తీసివేస్తామని యాజమాన్యం అన్నప్పుడు, ఆయుధాల బదులు ఇదే చేతులతో, ఇదే యంత్రాలతో ఏమేమి చేయగలమో వారు జాబితా రాశారు. నూటయాభై వరకు వస్తువులు. మూత్రపిండ రోగుల యంత్రాలు, చలి ఇళ్లకు హీట్ పంపులు, రోడ్డుమీదా పట్టాలమీదా నడిచే బస్సు. ఆ ప్రణాళికకు ముందే అక్కడి కార్మికులు, వెన్నెముక లోపంతో పుట్టిన పిల్లలు తమంత తాము నడుపుకునే హాబ్‌కార్ట్ అన్న చిన్న బండి తయారుచేశారు. యాజమాన్యం దాన్ని ఉత్పత్తి చేయనంది. ప్రణాళికనూ తిరస్కరించింది.

ఆ బండీ ఈ కాలిపరూ అక్కాచెల్లెళ్లు. రెండూ ఆయుధం చేసే చేతులనుంచి నడవలేని పిల్లలకు వచ్చాయి. కాని లూకాస్ కార్మికులు ఆయుధానికి బదులుగా అన్నారు. అందుకే వారిని కాదన్నారు. మన క్షిపణిశాల ఆయుధంతో పాటుగా అంది. అందుకే దాన్ని అందరూ మెచ్చుకున్నారు. అగ్ని పరిధి తగ్గలేదు, కార్యక్రమం ఆగలేదు, కాలిపరు దాని ఖాతాలో పుణ్యంగా జమపడింది. ఆ వైద్యుడి చొరవనుగాని, కలాం కంటనీటినిగాని నేను శంకించటం లేదు. జమాఖర్చు రాసే పద్ధతిని శంకిస్తున్నాను.

పోలియో సంగతి ఇంకొంచెం ముందుకు తీసుకుపోతాను. 1959లో, జెనీవాలో పరీక్షల నిషేధంమీద అమెరికా, సోవియట్ ప్రతినిధులు వాదులాడుకుంటున్న ఆ సంవత్సరంలోనే, అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ సేబిన్ ఇచ్చిన టీకా బీజాలతో మాస్కోలో మిఖాయిల్ చుమకోవ్ నోటిచుక్కల మందు తయారుచేసి, కోటిమందికి పైగా సోవియట్ ప్రజలకు వేయించాడు. ఆ మందు పనిచేస్తుందని లోకానికి రుజువైంది అక్కడే. మనదేశంలో 1995 నుంచి పల్స్ పోలియో పేరుతో ఇంటింటికి తిరిగి ఆ చుక్కలే వేశారు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నల్లగొండ పల్లెలో ఆ కుర్రవాడి మేనత్త ఇప్పుడు అంగన్‌వాడి టీచరుగా పిల్లలను పోగుచేసి చుక్కలు వేయిస్తుంది. ఆమె తరువాతి తరానికి మూడువందల గ్రాముల కాలిపరు కూడా అక్కరలేకపోవటానికి కారణం క్షిపణి పదార్థం కాదు. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నాకు విజయగర్వం కలగలేదు. చుక్కలు రావటానికి ముందే జబ్బుపడిన పిల్లకు కాలిపరు కావలసివచ్చింది, అది క్షిపణిశాలనుంచి తప్ప మరొకచోటినుంచి రాలేదు. మన ఆసుపత్రులకు, మన విశ్వవిద్యాలయాలకు అట్లాంటి వస్తువు సొంతంగా చేసుకునే సొమ్ము ఎవరూ ఇవ్వలేదు గనుక.

ఆయుధశాలలు మూసివేయండి అని నినాదమిచ్చి వూరుకునేవారికి ఇంకొక సంఘటన చెప్పాలి. 1996 అక్టోబరు 30న, చెల్యాబిన్‌స్క్-70 అనే రష్యా అణ్వాయుధ ప్రయోగశాల డైరెక్టరు వ్లదీమిర్ నెచాయ్ తన గదిలో తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. తన కింద పనిచేసేవారికి నెలల తరబడి జీతాలు ఇవ్వలేకపోయాడు. సోవియట్ వ్యవస్థ కూలింది, బాంబుల అవసరం తగ్గిందన్నారు, మనుషులను ఏం చేయాలో ఎవరూ ఆలోచించలేదు. కంచన్‌బాగ్‌లోనూ, మౌలాలీలోనూ పనిచేసే వేలమంది నెల జీతంమీద బతికేవారే. లోహం కరిగించటం, అదురు కొలవటం, రేడియోధార్మికతను లెక్కకట్టటం తెలిసినవారు. వారికి వేరే పని చూపని నిరాయుధీకరణ వారిని శత్రువులుగా చేసుకుంటుంది. వారి కార్మిక సంఘాలతో మనవాళ్లు జీతభత్యాల గురించి మాట్లాడారు, ఈ విషయం గురించి మాట్లాడలేదు. ఆ తప్పులో నా వాటా కూడా వుంది.

అమెరికాలో దీనికి వ్యతిరేకమైన వ్యవహారం నడిచింది. 1992 సెప్టెంబరు 23న చివరి పరీక్ష చేసి ఆగిన తరువాత, నిషేధానికి అడ్డుపడకుండా వుండటానికి ఆయుధశాలలకు నిల్వల సంరక్షణ పేరుతో పెద్ద బడ్జెట్లు, పెద్ద కంప్యూటర్లు, లివర్‌మోర్‌లో భారీ లేజరు కట్నంగా ముట్టాయి. కట్నం పుచ్చుకున్నా పెళ్లి జరగలేదు. 1999 అక్టోబరు 13న సెనేటు ఒప్పందాన్ని 48కి 51 వోట్లతో తిరస్కరించింది. ప్రయోగశాలల అధిపతులు సాక్ష్యంలో వెలిబుచ్చిన సందేహాలే ఎదురుపక్షానికి పనికివచ్చాయి.

ఆ కుర్రవాడితో చివరికి ఏమన్నానో చెప్పాలి. తప్పు అనలేదు. తప్పు అనటానికి నేను అతనికి వేరే ఉద్యోగం చూపించాలి. లాస్ అలమోస్ మధ్యలోనే 1944 చివర విడిచిపెట్టిన జోసెఫ్ రాట్‌బ్లాట్ కథ చెప్పాను. ఇంటర్వ్యూలో పనికిరాని కథ అని అతనే నవ్వాడు. లోపలికి వెళితే నువ్వు కొలిచే అదురు ఎవరికి వినిపించాలన్న ప్రశ్న రోజూ వస్తుందని, వచ్చినప్పుడు దాన్ని నాలాగా మరునాటికి వాయిదా వేయవద్దని అన్నాను. కొఠారి పుస్తకం నకలు ఇచ్చాను.

“ఇది చదివినోళ్లు లోపల ఇంకెవరన్న వుంటరా సార్?” అని అడిగాడు.

వుంటారన్నాను. వున్నారో లేదో నువ్వే చూసి చెప్పమన్నాను. ఫారం గడువుకు నాలుగు రోజులుండగా నింపాడు. కాలిపరు మాత్రం నా దగ్గరే వదిలివెళ్లాడు, మేనత్త మళ్లీ హైదరాబాదు వచ్చినప్పుడు తీసుకుంటుందట. బల్లమీద పుస్తకాల పక్కన పెట్టాను. వచ్చినవారందరూ అది ఏమిటని అడుగుతున్నారు.